నదిలోకి విసిరిన అచ్చుయంత్రం

(అమెరికా బానిసత్వ వ్యతిరేక ఉద్యమంలో పత్రికల పాత్రను గురించి ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, గ్రంథాలయ మిత్రులకు, ఈ సాయంత్రం ఓపిక చేసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నేను చరిత్ర ఆచార్యుణ్ణి కాను. యవ్వనంలో తొమ్మిదేళ్ళపాటు ఒక చిన్న అచ్చుకూటంలో కంపోజిటరుగా పనిచేసినవాణ్ణి. కేసు అనే గళ్ళ పెట్టెలో ఉన్న సీసపు అక్షరాలను ఒక్కొక్కటిగా ఏరి, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉండే ఆ అక్షరాలను స్టిక్కు అనే చేతిపళ్ళెంలో వరుసగా పేర్చి, ఫారం అనే పుట చట్రంలో బిగించి, ట్రెడిల్ అనే కాలితో తొక్కే అచ్చుయంత్రం దగ్గరికి మోసుకుపోయిన చేతులు నావి. అందుచేత పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో బానిసత్వానికి వ్యతిరేకంగా సాగిన పోరాటాన్ని చదివినప్పుడల్లా నా దృష్టి నాయకుల కంటే ముందు వాళ్ళ అచ్చుయంత్రాల మీదికి, తపాలా సంచుల మీదికి, చందాదారుల జాబితాల మీదికి పోతుంది. ఈ రోజు వాటిని గురించే మాట్లాడతాను.

నన్ను చాలా కాలం వేధించిన ప్రశ్న ఒకటుంది. 1831లో బోస్టన్ నగరంలో ‘లిబరేటర్’ అనే వారపత్రిక మొదలైంది. ‘విమోచకుడు’ అని ఆ పేరుకు అర్థం. దానికి మొదటి ఏడాది ఉన్న చందాదారులు కొన్ని వందల మంది. ఆ ఏడాది ముగిసేలోపలే, వెయ్యి మైళ్ళ అవతల ఉన్న జార్జియా రాష్ట్ర శాసనసభ ఆ పత్రిక సంపాదకుణ్ణి పట్టి తెచ్చి శిక్ష పడేటట్టు చేసినవారికి 5,000 డాలర్లు బహుమానం ఇస్తామని తీర్మానించింది. చట్టం, న్యాయస్థానం, సాయుధ దళం, భూమి, ధనం అన్నీ చేతిలో ఉన్నవాళ్ళు కొన్ని వందల ప్రతులకు ఎందుకంత భయపడ్డారు?

సాధారణంగా ఈ కథను ‘లిబరేటర్’తోనే ప్రారంభిస్తారు. నేను నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళి, 1827 మార్చి 16న న్యూయార్కులో వెలువడిన ‘ఫ్రీడమ్స్ జర్నల్’ నుంచి మొదలుపెడతాను. శామ్యూల్ కార్నిష్, జాన్ రస్‌వర్మ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యావంతులు దాన్ని స్థాపించారు. అమెరికాలో నల్లజాతివారు తామే నడిపిన మొదటి పత్రిక అది. ‘మా పక్షాన మేమే వాదించుకోదలిచాము, ఇప్పటికే చాలా కాలంగా మా తరఫున ఇతరులు మాట్లాడారు’ అని తొలి సంచికలో రాసుకున్నారు. న్యూయార్కు రాష్ట్రంలో బానిసత్వం చట్టరీత్యా అంతమైంది కూడా ఆ ఏడాది జూలైలోనే. పత్రిక రెండేళ్ళే నడిచింది. కానీ ఆ రెండేళ్ళలో అది ఊరూరా ఏజెంట్లను ఏర్పరచుకుంది. ఆ ఏజెంట్లలో ఒకరిని మీకు పరిచయం చేయాలి.

డేవిడ్ వాకర్ బోస్టన్‌లో పాత బట్టల దుకాణం నడిపేవారు. తీరప్రాంతపు నగరం కాబట్టి ఆయన దగ్గరికి నావికులు వస్తూ పోతూ ఉండేవారు. 1829లో ఆయన ప్రపంచంలోని నల్లజాతి పౌరులకు ఒక విజ్ఞప్తి రాసి అచ్చువేయించారు. బానిసత్వాన్ని మతగ్రంథాలతోనూ, ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనలోని వాక్యాలతోనూ ఎదిరించిన తీవ్రమైన రచన అది. నావికులు ఆ పుస్తకాన్ని, బానిసత్వం సాగుతున్న దక్షిణాది రాష్ట్రాల రేవులకు చేరవేశారు. చదువు వచ్చినవాడు చదవాలని, రానివాడు మరొకరి చేత చదివించుకుని వినాలని వాకరే అందులో కోరారు. బానిసల యజమానుల గుండెల్లో రాయి పడింది ఇక్కడేనని నా అభిప్రాయం. జార్జియా, ఉత్తర కరొలైనా శాసనసభలు వెనువెంటనే కొత్త చట్టాలు చేశాయి. తిరుగుబాటుకు పురికొల్పే రాతలను పంచడం నేరమైంది, బానిసలకు చదువు చెప్పడం నేరమైంది. చదవడం, రాయడం నేర్పిన మనిషిని శిక్షించే చట్టం ఒక గణతంత్ర దేశంలో అమలులోకి వచ్చిందంటే, ఆ వ్యవస్థ దేనిమీద నిలబడి ఉందో దాని కాపలాదారులకే బాగా తెలుసునన్నమాట.

ఇప్పుడు విలియం లాయిడ్ గారిసన్ దగ్గరికి వస్తాను. 1805లో మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్టులో బీద ఇంట పుట్టి, పదమూడో ఏట స్థానిక పత్రిక అచ్చుకూటంలో పనిపిల్లవాడిగా చేరిన మనిషి. ఆయన సంపాదకీయాలను తరచు కాగితం మీద రాయకుండా నేరుగా స్టిక్కులో అక్షరాలుగానే పేర్చేవారట. ఈ పని తెలిసినవాణ్ణి గనుక చెబుతున్నాను, మనసులో వాక్యం పూర్తిగా స్థిరపడితే తప్ప అది సాధ్యం కాదు, ఒక మాట మార్చాలంటే వరుస అంతా విప్పాలి. బాల్టిమోరులో ఆయన బెంజమిన్ లండీ నడిపిన పత్రికలో పనిచేస్తూ, బానిసలను ఓడలో దక్షిణాదికి రవాణా చేసిన ఒక వర్తకుణ్ణి పేరు పెట్టి విమర్శించి, పరువునష్టం నేరం మీద 1830లో 49 రోజులు జైలులో ఉన్నారు. న్యూయార్కు వ్యాపారి ఆర్థర్ టాపన్ జరిమానా కట్టి విడిపించారు. బయటికి వచ్చిన గారిసన్, ఐజక్ నాప్ అనే మిత్రునితో కలిసి 1831 జనవరి 1న ‘లిబరేటర్’ తొలి సంచిక తెచ్చారు. ‘నేను మనస్ఫూర్తిగా చెబుతున్నాను, డొంకతిరుగుడుగా మాట్లాడను, క్షమించను, అంగుళమైనా వెనక్కి తగ్గను, నా మాట వినబడి తీరుతుంది’ అన్న ప్రతిజ్ఞ అందులోనిదే.

ఆ ప్రతిజ్ఞను అందరూ ఉదహరిస్తారు కానీ, ఆ పత్రిక కాగితం ఖర్చు ఎవరు పెట్టారో అడిగేవారు తక్కువ. ఫిలడెల్ఫియాలో జేమ్స్ ఫోర్టెన్ అనే నల్లజాతి పెద్దమనిషి ఉండేవారు. ఓడల తెరచాపలు కుట్టించే వ్యాపారంలో ధనవంతుడైన ఆయన, తొలి సంచిక అచ్చు కాకముందే 27 చందాల కోసం 54 డాలర్లు పంపారు. మొదటి ఏడాది ఉన్న సుమారు 450 మంది చందాదారులలో 400 మంది నల్లజాతివారే. క్షురకులు, ఓడ పనివారు, వంటవారు, చర్చి బోధకులు తమ కష్టార్జితంలోనుంచి ఏడాదికి రెండు డాలర్లు తీసి ఇచ్చారు. గారిసన్ గొంతు ప్రపంచానికి వినిపించిందంటే, ఆ గొంతుకు ఊపిరి ఇచ్చింది వాళ్ళు.

ఇక కొన్ని వందల ప్రతులు దేశమంతటా ఎలా వినిపించాయన్న సంగతి. 1792 నాటి తపాలా చట్టం ప్రకారం ఒక పత్రిక సంపాదకుడు మరొక సంపాదకుడికి తన పత్రికను ఉచితంగా పంపుకోవచ్చు. వార్తా సంస్థలు లేని ఆ కాలంలో పత్రికలన్నీ ఇలా ఒకదానిలోనుంచి మరొకటి వార్తలు ఎత్తి వేసుకుంటూ బతికేవి. గారిసన్ తన పత్రికను దక్షిణాది సంపాదకులకు పంపారు. వాళ్ళు మండిపడి, ‘చూడండి ఈ దుర్మార్గుడు ఏమి రాశాడో’ అంటూ ఆయన వాక్యాలనే తమ పత్రికలలో అచ్చువేసి తిట్టారు. ఆ తిట్లను గారిసన్ మళ్ళీ తన పత్రికలో, బానిసత్వాన్ని సమర్థించే రాతలకోసం ప్రత్యేకంగా కేటాయించిన శీర్షిక కింద, యథాతథంగా ప్రచురించారు. వాటికి ఉత్తరాది పత్రికలు స్పందించాయి. 1831 ఆగస్టులో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వాన తిరుగుబాటు జరిగినప్పుడు, ఆ తిరుగుబాటుదారులు ‘లిబరేటర్’ చూశారనడానికి ఆధారం ఏమీ లేకపోయినా, నింద ఆ పత్రిక మీద పడింది. ఆ నిందతో పత్రిక పేరు తెలియని ఊరు లేకుండా పోయింది. జార్జియా బహుమానం ప్రకటించింది ఆ తరువాతనే.

1833 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో అమెరికన్ యాంటీ స్లేవరీ సొసైటీ అనే బానిసత్వ వ్యతిరేక సంఘం ఏర్పడింది. ఆవిరి యంత్రంతో నడిచే ముద్రణ, చౌకబారు కాగితం అప్పుడే అందుబాటులోకి వస్తున్నాయి. 1835 వేసవిలో ఆ సంఘం పెద్ద సంఖ్యలో పత్రికలను, కరపత్రాలను తపాలా ద్వారా దక్షిణాదికి పంపింది. పంపింది బానిసలకు కాదు, మత బోధకులకు, ఊరి పెద్దలకు, అధికారులకు. వారి అంతరాత్మను కదిలించాలన్నది ఉద్దేశం. జూలై 29 రాత్రి దక్షిణ కరొలైనాలోని చార్ల్స్‌టన్‌లో ఒక గుంపు తపాలా కార్యాలయంలోకి జొరబడి ఆ సంచులను ఎత్తుకుపోయింది. మర్నాడు రాత్రి ఊరంతా చూస్తుండగా, గారిసన్ దిష్టిబొమ్మతో పాటు వాటిని తగలబెట్టింది. పోస్ట్‌మాస్టర్ జనరల్ ఆమాస్ కెండల్ ఆ పనిని ఖండించకపోగా, స్థానిక పోస్టుమాస్టర్లు ఇటువంటి సరుకును ఆపివేస్తే తాను తప్పుపట్టనన్న సంకేతం ఇచ్చారు. అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఇటువంటి ప్రచురణలను నిషేధించమని కాంగ్రెసును కోరారు. ఆ చట్టం రాలేదు. కానీ దక్షిణాదిలో తపాలా తలుపు ఆనాటితో మూతపడిందనే చెప్పాలి. అక్కడి తెల్లజాతి పౌరుడు సైతం తన పేరు మీద వచ్చిన ఉత్తరం తాను తెరవలేని స్థితిలో పడ్డాడు. మనిషిని బంధించి ఉంచాలంటే ముందు కాగితాన్ని బంధించక తప్పలేదు.

ఉత్తరాది ఇందుకు మినహాయింపు అనుకోకండి. అదే ఏడాది అక్టోబరు 21న బోస్టన్‌లో, బానిసత్వాన్ని పూర్తిగా రద్దు చేయాలనే నిర్మూలనవాద మహిళల సభ జరుగుతుండగా, పెద్దమనుషుల దుస్తులలో ఉన్న గుంపు గారిసన్‌ను తాడుతో కట్టి వీధుల వెంట ఈడ్చింది. చివరికి ఆయన ప్రాణం కాపాడటానికి నగరాధికారులు ఆ రాత్రి ఆయనను జైలులో ఉంచారు. నిజానికి ఆ గుంపు మొదట వెతుక్కుంటూ వచ్చింది జార్జ్ థాంప్సన్ అనే ఆంగ్లేయ ఉపన్యాసకుడికోసం. ఆ థాంప్సన్ తరువాత మన దేశానికి వచ్చి, 1843లో కలకత్తాలో బెంగాల్ బ్రిటిష్ ఇండియా సొసైటీ స్థాపనలో ముఖ్యుడయ్యారు. భారతదేశపు రైతు పండించే పత్తి ఇంగ్లండు మిల్లులకు చాలినంత అందితే, అమెరికా బానిసల పత్తికి గిరాకీ పోతుందని ఆయన, ఆయన మిత్రులు ఆశించారు. కుంఫిణీ శిస్తు కింద నలుగుతున్న రైతు మీద అంత భారం మోపిన ఆశ అది. అయినా ఆ రైతు కష్టాన్ని గురించి కూడా థాంప్సన్ ఇంగ్లండులో గట్టిగానే మాట్లాడారని చెప్పకపోతే అన్యాయమవుతుంది.

ఇక ఈ ప్రసంగానికి పేరిచ్చిన సంఘటన. ఎలైజా లవ్‌జాయ్ మిస్సోరి రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో ‘అబ్జర్వర్’ అనే పత్రిక నడిపిన, ప్రెస్బిటీరియన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన బోధకుడు. మొదట్లో ఆయన గారిసన్ వంటివారిని అతివాదులనే తలచారు. 1836 ఏప్రిల్‌లో ఫ్రాన్సిస్ మెకింటోష్ అనే స్వతంత్రుడైన నల్లజాతి పడవ ఉద్యోగిని, ఇద్దరు అధికారులను పొడిచాడన్న కారణంతో, జైలులోనుంచి లాగి చెట్టుకు గొలుసులతో కట్టి సజీవంగా దహనం చేశారు. విచారణకు కూర్చున్న న్యాయమూర్తి పేరు, చరిత్ర ఎంత క్రూరంగా ఉంటుందో చూడండి, లాలెస్. ‘చట్టం లేని’ అని ఆంగ్లంలో ఆ మాటకు అర్థం. ఆ పని కొద్దిమందిది కాక పెద్ద జనసమూహానిదైతే చట్టానికి అందదని ఆయన జ్యూరీకి ఉపదేశించి, తప్పంతా నిర్మూలనవాద పత్రికలదని లవ్‌జాయ్ పత్రికను ఎత్తి చూపారు. లవ్‌జాయ్ దానిని అచ్చులో దుయ్యబట్టారు. గుంపు ఆయన కార్యాలయాన్ని ధ్వంసం చేసింది.

ఆయన మిసిసిపీ నది దాటి, బానిసత్వం లేని ఇల్లినాయి రాష్ట్రంలోని ఆల్టన్‌కు మారారు. రేవులో దిగిన అచ్చుయంత్రాన్ని అక్కడికక్కడే ముక్కలు చేసి నదిలో పడవేశారు. ఊరి పెద్దలు విచారం ప్రకటించారు, చందాలు పోగుచేసి మరొక యంత్రం తెప్పించారు. 1837 ఆగస్టులో దాన్నీ పగలగొట్టారు. సెప్టెంబరులో మూడోది వచ్చింది, దాన్నీ నదిపాలు చేశారు. ఆ రోజుల్లో అచ్చుయంత్రమంటే ఇనుప బండ, దాన్ని కొని, పడవల మీద వందల మైళ్ళు తెప్పించి, బిగించుకోవడానికి ఎన్ని నెలల శ్రమో ఊహించండి. నవంబరు మొదటి వారంలో ఊరివారు ఆయనను పిలిచి మర్యాదగా వెళ్ళిపొమ్మన్నారు. అప్పుడు ఆయన, తాను చేసిన నేరం ఏదో చూపమని అడిగి, ‘నేను నేలకూలితే నా సమాధి ఆల్టన్‌లోనే’ అన్నారు. నాలుగో యంత్రం నది ఒడ్డున గిల్‌మన్ గిడ్డంగికి చేరింది. నవంబరు 7 రాత్రి గుంపు గిడ్డంగిని చుట్టుముట్టింది. లోపల దాదాపు 20 మంది కాపలా ఉన్నారు. పైకప్పుకు నిప్పుపెట్టడానికి నిచ్చెన వేసినవారిని అడ్డుకోబోయి బయటికి వచ్చిన లవ్‌జాయ్‌ని కాల్చి చంపారు. రెండు రోజులు ఆగితే ఆయనకు 35 ఏళ్ళు నిండేవి. యంత్రాన్ని కిటికీలోనుంచి కిందికి తోసి, ముక్కలు చేసి, నదిలోకి విసిరారు. హంతకులకు శిక్ష పడలేదు. గిడ్డంగిని కాపాడినవారి మీద కూడా అభియోగం మోపి విచారించి, ఆ తరువాత వదిలేశారు.

ఉత్తరాది కదిలిపోయింది. డిసెంబరులో బోస్టన్‌లోని ఫనూయిల్ హాలులో, ఆ గుంపును దేశ స్వాతంత్ర్య వీరులతో పోల్చిన ఒక ప్రభుత్వ న్యాయవాదికి జవాబు చెబుతూ వెండెల్ ఫిలిప్స్ అనే యువ న్యాయవాది చేసిన ఉపన్యాసంతో ఉద్యమానికి గొప్ప వక్త దొరికాడు. అబ్రహాం లింకన్ అనే మరొక యువ న్యాయవాది, మూడు నెలలైనా గడవకముందే స్ప్రింగ్‌ఫీల్డులో మాట్లాడుతూ, అచ్చుయంత్రాలను నదులలోకి విసిరి సంపాదకులను కాల్చే మూకలను ప్రస్తావించారు. అయితే నాకు మనసుకు కష్టం కలిగించే విషయం ఒకటుంది. మెకింటోష్‌ను కాల్చిన మంట చూసి కదలని వేలాది మంది, లవ్‌జాయ్ మరణం విని కదిలారు. బానిసల స్వేచ్ఛ అవతలివారి సమస్య అనిపించినవారికి తమ పత్రిక, తమ తపాలా, తమ మాట తమ సమస్యలుగా అనిపించాయి. ఉద్యమం దీనివల్ల బలపడిన మాట వాస్తవం. ఆ బలం ఏ లెక్క మీద వచ్చిందో కూడా గుర్తుంచుకోవాలని నేను కోరుతున్నాను.

ఆ తరువాతి రెండేళ్ళలో జరిగిన ఒక పనిని ఈ ఉద్యమపు అత్యుత్తమ పాత్రికేయ కృషిగా నేను భావిస్తాను. థియొడోర్ వెల్డ్, ఆయన భార్య ఏంజెలీనా గ్రిమ్కే, వదినగారు శారా గ్రిమ్కే, దక్షిణాది పత్రికలను వేల సంఖ్యలో సేకరించి ముందు వేసుకుని కూర్చున్నారు. ఆ అక్కచెల్లెళ్ళు దక్షిణ కరొలైనాలో బానిసలున్న సంపన్న కుటుంబంలో పుట్టి, దాన్ని వదులుకుని వచ్చినవారు. వాళ్ళు వెతికింది వార్తలకోసం కాదు, పారిపోయిన బానిసల కోసం యజమానులు వేయించిన ప్రకటనలకోసం. పారిపోయిన మనిషిని గుర్తుపట్టాలంటే ఆనవాళ్ళు చెప్పాలి కదా. వీపు మీద కొరడా గుర్తులు, కోసిన చెవి, కాలికి ఇనుప కడియం, మెడకు ఇనుప పట్టీ అని యజమానులే తమ పేర్లతో, ఊళ్ళతో, తేదీలతో, డబ్బు చెల్లించి మరీ అచ్చువేయించారు. ఉత్తర కరొలైనాకు చెందిన ఒక యజమాని 1838లో ఇచ్చిన ప్రకటన అందులో ఉంది. ఇద్దరు పిల్లలతో పారిపోయిన ఒక స్త్రీని గురించి, ‘ఆమె వెళ్ళడానికి కొన్ని రోజుల ముందు నేను కాల్చిన ఇనుముతో ఆమె ఎడమ చెంప మీద వాత పెట్టాను, ఎమ్ అనే అక్షరం రావాలని ప్రయత్నించాను’ అని రాశాడు. నా జీవితంలో లెక్కలేనన్ని అక్షరాలు పేర్చాను. ఆ వాక్యం చదివిన రోజున నా చేతులను నేను చూసుకున్నాను. ఆ ప్రకటనను కూడా ఎవరో ఒక కంపోజిటరు పేర్చే ఉంటాడు. 1839లో ఆ సాక్ష్యాలన్నీ ‘అమెరికన్ స్లేవరీ యాజ్ ఇట్ ఈజ్’ అన్న పేరుతో పుస్తకంగా వచ్చాయి. శత్రువు పత్రికలనే శత్రువు మీద సాక్షులుగా నిలబెట్టిన ఆ పద్ధతికి జవాబు చెప్పడం దక్షిణాదికి చేతకాలేదు.

అక్షరం చేతికి చిక్కితే ఏమవుతుందో చెప్పడానికి ఫ్రెడరిక్ డగ్లస్ కంటే పెద్ద ఉదాహరణ లేదు. మేరీలాండులో బానిసగా పుట్టి, చిన్నతనంలో బాల్టిమోరులో ఒక ఇంటికి పనికి వెళ్ళారు. ఆ ఇంటి ఇల్లాలు అక్షరాలు నేర్పడం మొదలుపెడితే భర్త మాన్పించాడు. చదువు వస్తే ఇక బానిసగా ఉంచలేమని అన్నాడు. ఆ మాట ఆ పిల్లవాడి చెవిన పడింది. రొట్టెముక్కలిచ్చి వీధి పిల్లల దగ్గర చదువు నేర్చుకున్నాడు. ఓడలు కట్టేచోట దుంగల మీద వడ్రంగులు రాసే గుర్తుల నుంచి రాత నేర్చుకున్నాడు. పెద్దవాళ్ళు కోపంగా వాడే ‘అబాలిషన్’ అనే మాటకు అర్థమేమిటో అతనికి తెలియదు. నిఘంటువు చూస్తే, రద్దు చేసే చర్య అని ఉంది కానీ దేన్ని రద్దు చేయడమో లేదు. ఒక రోజు నగర పత్రికలో, రాజధాని ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేయాలని ఉత్తరాది పౌరులు పంపిన విన్నపాలను గురించిన వార్త చదివి, ఆ మాట తనను గురించినదేనని గ్రహించాడు. ఎక్కడో ఎవరో తనకోసం సంతకాలు చేస్తున్నారని ఒక బానిస బాలుడికి తెలిసిన క్షణం అది. జార్జియా శాసనసభకు ఉన్న భయం సరిగ్గా ఇదే.

1838లో పారిపోయి న్యూ బెడ్‌ఫర్డ్ చేరిన డగ్లస్, కూలిపని చేస్తూనే ‘లిబరేటర్’ తెప్పించుకుని, అది తనకు అన్నపానాలైందని రాసుకున్నారు. గారిసన్ బృందంలో గొప్ప వక్త అయ్యారు. ఇంగ్లండు మిత్రులు ధనం చెల్లించి ఆయన స్వేచ్ఛను చట్టబద్ధం చేశారు, అచ్చుయంత్రానికి కూడా డబ్బు పోగుచేసి ఇచ్చారు. గారిసన్, ఆయన మిత్రులు కొత్త పత్రిక వద్దన్నారు. డగ్లస్ ఉపన్యాసాలకే తగినవారని, పత్రికలు ఇప్పటికే ఉన్నాయని వాదించారు. గారిసన్ అంటే నాకు అపారమైన గౌరవం ఉన్నా, ఈ విషయంలో ఆయన తప్పు చేశారని అంటాను. ‘మా పక్షాన మేమే వాదించుకుంటాము’ అని ఇరవయ్యేళ్ళ కిందట న్యూయార్కులో అచ్చయిన మాట ఆయనకు గుర్తు రాకపోవడం విచారకరం. 1847 డిసెంబరు 3న రాచెస్టర్ నగరంలో ‘నార్త్ స్టార్’ వెలువడింది. పారిపోయే బానిసలకు రాత్రివేళ దారి చూపే ధ్రువనక్షత్రం అది. ‘హక్కుకు ఆడ మగ తేడా లేదు, సత్యానికి రంగు లేదు’ అని దాని శీర్షిక కింద ఉండేది. డగ్లస్ యంత్రాన్ని ఒంటారియో సరస్సులో పడవేసి ఆయనను కెనడాకు తరమమని న్యూయార్కు పత్రిక ఒకటి ఆ ఊరివారికి సలహా ఇచ్చింది. రాచెస్టర్ ఆ పని చేయలేదు. పత్రికకు వారానికి సుమారు 80 డాలర్లు ఖర్చు. ఇల్లు తాకట్టు పెట్టారు, పిల్లలు అక్షరాలు పేర్చారు.

మేరీ ఆన్ షాడ్ కెనడాలో 1853 నుంచి నడిపిన ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ గురించి, వాషింగ్టన్‌లో అల్లరిమూకను ఎదుర్కొని నిలబడి, ఆ తరువాత బానిసత్వ వ్యతిరేక నవల ‘అంకుల్ టామ్స్ కాబిన్’ను ధారావాహికగా వేసిన ‘నేషనల్ ఎరా’ గురించి విడిగా మరొక సభలో చెప్పుకోవాలి.

బానిసత్వం మీద ఉత్తరాది, దక్షిణాదుల మధ్య సాగిన అంతర్యుద్ధం ముగిసింది. 1865 మేలో గారిసన్, పని పూర్తయింది కనుక యాంటీ స్లేవరీ సొసైటీని రద్దు చేద్దామని ప్రతిపాదించారు. నల్లజాతివాడికి ఓటు వచ్చేదాకా బానిసత్వం పోయినట్టు కాదని డగ్లస్ అడ్డుచెప్పారు. సంఘం డగ్లస్ పక్షాన నిలిచి మరో ఐదేళ్ళు పనిచేసింది. బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగపు పదమూడో సవరణ ఆమోదం పొందిన ఆ డిసెంబరులోనే, 29వ తేదీన, 1,820 సంచికల తరువాత ‘లిబరేటర్’ ఆగింది. 35 ఏళ్ళలో ఒక్క వారం కూడా అది తప్పలేదు.

ఆల్టన్‌లో నదిపాలైన యంత్రపు ఇనుప చట్రం ఒకటి 1915లో బయటపడింది. అది ఈనాటికీ ఆ ఊరిలో ఉంది. డగ్లస్ పత్రికకు ఆ పాటి అదృష్టం దక్కలేదు. 1872 జూన్‌లో రాచెస్టర్‌లోని ఆయన ఇంటికి నిప్పంటుకుంది. కుటుంబం ప్రాణాలతో బయటపడింది. 1848 నుంచి 1860 దాకా ఆయన తన పత్రిక సంచికలను కట్టించి దాచుకున్న సంపుటాలు మాత్రం కాలిపోయాయి. తాను ఎప్పుడైనా గుర్తుంచుకోదగిన మాట అని ఉంటే అది ఆ పన్నెండేళ్ళలోనే అని ఉంటానని, దానికి సాక్ష్యం ఆ పత్రికేనని ఆయన తరువాత రాశారు. ఆ సంచికలను పరిశోధకులు ఇప్పటికీ ఒక్కొక్కటిగా వెతికి కూడబెడుతున్నారు. కొన్ని ఎక్కడా లేవు.